ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న బైకు: "అతివేగం" అని రాసేస్తే సరిపోతుందా?

మంగళగిరి వాసి | రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో మా పిన్ని కొడుకు విజయవాడలో దుకాణం కట్టేసి, బైకు మీద గుంటూరు వెళుతూ, రాత్రి పదకొండు దాటాక కాజ టోల్‌గేటుకు అవతల రోడ్డు ఎడమ అంచున ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్నాడు. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది, పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. వాడికి ఇరవై ఆరేళ్లు, మద్యం అలవాటు లేదు, ఆ దారిలో నాలుగేళ్లుగా రోజూ తిరుగుతున్నవాడు.

ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొట్టినందున" అని రాశారు. వేగం ఎంతని అడిగితే అరవై ఉండవచ్చని తమ్ముడే చెబుతున్నాడు. మరునాడు ఉదయం నేను అక్కడికి వెళ్లేసరికి లారీ ఇంకా కదలలేదు. టైరు పేలి ఆగిందట. వెనుక రెండు దీపాల్లో ఒకటి పగిలి ఉంది, రెండోది దుమ్ము పట్టి ఎర్ర రంగు కూడా తెలియకుండా ఉంది. సరుకు మీద కప్పిన పట్టా అంచు వెనక్కి వేలాడి, మెరవాల్సిన స్టిక్కరును సగానికి పైగా మూసేసింది. హెచ్చరికగా పెట్టినవి మూడు రాళ్లు, ఒక వేపకొమ్మ. ఆ కొమ్మ లారీకి నాలుగు అడుగుల దూరంలో ఉంది.

తమ్ముడి తప్పు లేదని వాదించడానికి ఈ చర్చ పెట్టడం లేదు. వాడు ఎందుకు చూడలేకపోయాడో, చూశాక ఎందుకు ఆపలేకపోయాడో అర్థం చేసుకోవాలని ఉంది. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పటమట విశ్రాంత ఇంజినీరు | రాత్రి 9:48

మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. రోడ్ల పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాడిగా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకు లెక్కతోనే సమాధానం చెబుతాను.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. ఎదుట ఏదో ఉందని కన్ను చూసి, అది ఆగి ఉన్న వాహనమని మనసు పోల్చుకుని, చెయ్యీ కాలూ బ్రేకు మీద పడేసరికి మామూలు మనిషికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ ఒకటిన్నర సెకనులోనే బండి 25 మీటర్లు పోతుంది. ఆ తరువాత పొడి తారు మీద, బండి జారకుండా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం 48 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 27 మీటర్లు, 80 అయితే 74 మీటర్లు.

ఇప్పుడు చూపు సంగతి. ఎదుటివారి కళ్లలో పడకుండా లైటు డిమ్‌లో పెట్టుకుని వెళ్లే బైకుకు, వెలుగును తిప్పికొట్టని మురికి వస్తువు సుమారు 30 నుంచి 40 మీటర్ల దూరంలోకి వస్తే తప్ప ఆనదు. 35 మీటర్ల దగ్గర కనిపించిందనుకుందాం. 60 వేగంలో 25 మీటర్లు బ్రేకు పడకముందే పోయాయి, మిగిలింది 10 మీటర్లు. లెక్క కడితే లారీకి తగిలే క్షణానికి బండి వేగం ఇంకా గంటకు 45 కిలోమీటర్లు ఉంటుంది. అది దాదాపు 8 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ పిట్టగోడ మీద నుంచి కింద పడటంతో సమానం.

అదే లారీ వెనుక వెడల్పంతా శుభ్రమైన ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు ఉండి, 150 మీటర్ల దూరం నుంచే మెరిసి ఉంటే మీ తమ్ముడికి తొమ్మిది సెకన్లు చిక్కేవి. బ్రేకు కూడా అవసరం లేకుండా పక్క లేనులోకి తప్పుకునేవాడు.

బ్రాడీపేట మాస్టారు | రాత్రి 10:15

ఇంజినీరుగారి లెక్క బాగుంది కానీ, దాని నుంచి తీసే అర్థం విషయంలో నాకు భయం ఉంది. నా దగ్గర చదివిన ముగ్గురు పిల్లలు ఈ పదేళ్లలో బైకు ప్రమాదాల్లో పోయారు. ముగ్గురూ వేగంగా వెళ్లినవారే. కేంద్ర రహదారి రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోగా, ఆ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం కిందే లెక్కకు వచ్చాయి. ఇంత స్పష్టంగా ఉన్న కారణాన్ని పక్కన పెట్టి లారీ దీపం, పట్టా అంచు అని మాట్లాడితే, కుర్రవాళ్లు "తప్పు మాది కాదు" అనే మాటను నేర్చుకుంటారు. ముందు వేగం తగ్గించమని గట్టిగా చెప్పాలి.

పటమట విశ్రాంత ఇంజినీరు | రాత్రి 10:52

మాస్టారూ, మీ బాధను గౌరవిస్తూనే రెండు మాటలు చెబుతాను.

మొదటిది, మీ పక్షాన మాట్లాడేదే. పై ఉదాహరణలో 60 బదులు 50 వేగం పెట్టి చూడండి. బ్రేకు పడేలోపు 21 మీటర్లు పోతాయి, 14 మీటర్లు మిగులుతాయి, లారీకి తగిలేటప్పటికి వేగం గంటకు 17 కిలోమీటర్లకు పడిపోతుంది. బయలుదేరిన వేగంలో తేడా పదే. తగిలే వేగంలో 45కూ 17కూ ఉన్నంత తేడా వచ్చింది. మొదటి సందర్భంలో ఐసీయూ, రెండో సందర్భంలో బహుశా విరిగిన మణికట్టు. కాబట్టి వేగం గురించి మీరు పిల్లలకు ఎంత గట్టిగా చెప్పినా అది సబబే. "కొంచెం తగ్గించు" అనే మాట కన్నా ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తే వారికి ఇంకా బాగా నాటుతుందని నా నమ్మకం.

రెండవది ఆ 71 శాతం గురించి. ప్రమాద స్థలానికి వచ్చిన పోలీసు అధికారి దగ్గర వేగాన్ని కొలిచే సాధనం ఉండదు. పడిపోయిన బండిని, ఉన్న సాక్షులను చూసి, నియమాల ఉల్లంఘన అనే గడిలో ఒకటి నింపాలి. అతివేగం అని రాయడం తేలిక, ఆ రాత తప్పని రుజువు చేయడం కష్టం. అలాగని ఆ సంఖ్య అబద్ధమని నేను అనను. అది ఒక్క ప్రశ్నకు మాత్రమే సమాధానం. అదే నివేదికలో, ఢీకొన్న తీరును బట్టి వేసిన పట్టికలో ఆగి ఉన్న వాహనాలను ఢీకొట్టడం అనే వరుస విడిగా ఉంది. వేగం అనే కారణం దగ్గర విచారణ ఆగిపోతే ఆ వరుసను ఎవరూ చదవరు. టేపు అంటించడానికి అయ్యే కొద్దిపాటి ఖర్చు గురించి అడిగేవారూ ఉండరు.

1970లో విలియం హాడన్ అనే అమెరికన్ వైద్యుడు ప్రమాదాన్ని ముందు, అప్పుడు, తరువాత అనే మూడు ఘట్టాలుగా విడదీసి, ప్రతి ఘట్టంలోనూ మనిషి, వాహనం, పరిసరాలు ఏమయ్యాయో రాయమన్నాడు. మన చర్చకు అది పనికొస్తుంది. ముందు: తమ్ముడి వేగం, లారీ దీపం, ఆగడానికి చోటు లేని రోడ్డు. అప్పుడు: హెల్మెట్, లారీ వెనుక అడ్డుకడ్డీ (ఢీకొన్న బండి లారీ కిందకు దూరకుండా ఆపేది). తరువాత: ఎంతసేపటికి ఎవరు ఎత్తారు, ఎలా ఎత్తారు. ఇవన్నీ మంగళగిరి సభ్యులు వీలైతే చెప్పాలి.

మంగళగిరి వాసి | రాత్రి 11:20

హెల్మెట్ ఉంది, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే. కానీ పట్టీ బిగించలేదు. తల తగలకముందే అది ఎగిరిపోయి డివైడరు దగ్గర దొరికింది, గీత కూడా పడలేదు. అది ఇప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. దాటి వెళుతున్న ఆటోవాళ్లు ఎత్తి కాళ్లు బయటకు వేలాడుతుండగా పడుకోబెట్టి తీసుకెళ్లారు. వారి మేలు మరచిపోలేము.

అత్యవసర విభాగం నర్సు, గుంటూరు | ఉదయం 6:05

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే ఈ చర్చ చదివాను. పట్టీ గురించి నేను చెప్పాలి.

మా దగ్గరకు వచ్చే బైకు కేసుల్లో "హెల్మెట్ పెట్టుకున్నాడమ్మా" అని బంధువులు ఏడుస్తూ చెప్పే సందర్భాలు తక్కువేమీ కావు. మేము చూసేది గడ్డం కింద పట్టీ ఒరిపిడి గుర్తు ఉందా లేదా అని. ఆ గుర్తు లేకపోతే హెల్మెట్ మొదటి దెబ్బకే ఊడిపోయి ఉండవచ్చని అనుకుంటాము. మనిషి బండి మీద నుంచి లేచి పడేటప్పుడు తల ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు తగులుతుంది. ఎన్నో దేశాల పరిశోధనలను కలిపి చూసినప్పుడు హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం, మరణం ముప్పు సుమారు 42 శాతం తగ్గుతాయని తేలింది. తలకు నిలిచి ఉన్న హెల్మెట్ చేసే మేలు అది. పట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి, వెనుక నుంచి ముందుకు తోసినప్పుడు ఊడి రాకూడదు. ఇంటి గడప దగ్గర ఈ రెండూ చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.

ఆటోవాళ్లను నేను తప్పుపట్టను, వారు ఆగకపోతే మీ తమ్ముడు ఇవాళ లేడు. అయితే మెడ ఎముక దెబ్బతిన్న మనిషిని తల వేలాడేలా ఎత్తితే, ప్రమాదంలో చచ్చుబడని కాళ్లూ చేతులూ ఆటోలో చచ్చుబడిపోవచ్చు. 108కు ఫోను చేసి, వారు వచ్చేలోపు తలను మెడను ఒకే వరుసలో కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉండటం, రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి ఉంచడం, నోట్లో నీళ్లు పోయకపోవడం, ఈ మూడూ చాలు. నీళ్లు పోయడం మన దగ్గర దయతోనే చేస్తారు. స్పృహ సరిగా లేనివారికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. మంటలో, వాహనాల మధ్యలో పడి ఉంటే మాత్రం ముందు పక్కకు తీయక తప్పదు, అప్పుడు నలుగురు కలిసి ఒంటిని పలకలా ఎత్తాలి.

ఆటోనగర్ లారీ యజమాని | ఉదయం 8:30

నాకు మూడు లారీలున్నాయి. ఈ చర్చలో మా వైపు నుంచి ఒకరు మాట్లాడకపోతే ధర్మం కాదు.

పట్టా అంచు గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. మిర్చి సీజనులో గుంటూరు యార్డుకు, కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుగా వేసి పట్టా కట్టినప్పుడు, మిగిలిన అంచును వెనక్కి వదిలేస్తారు. తాడు బిగించే క్లీనరుకు సరుకు తడవకపోవడమే ముఖ్యం, స్టిక్కరు మూసుకుపోయిందని చూసుకోడు. ఊక లోడు, గడ్డి లోడు అయితే వెనుక దీపాలే కనిపించవు. ఫిట్‌నెస్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు దీపాలన్నీ వెలుగుతాయి, టేపు కొత్తది అంటిస్తాము. ఆ తరువాత ఏడాది పొడవునా ఎవరూ అడగరు. నేను కూడా అడగలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నిన్న రాత్రి ఇది చదివి ఇంటి దగ్గరున్న బండి వెనక్కి వెళ్లి టార్చి వేసి చూశాను. చేత్తో తుడిస్తే తప్ప టేపు మెరవలేదు.

అయితే డ్రైవరు రోడ్డు మీద ఎందుకు ఆపుతాడో కూడా ఆలోచించండి. టైరు పేలితే ఎంత దూరం నడుపుతాడు? తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తే, లారీ పట్టే ఖాళీ ఎక్కడ ఉంది? పెట్రోలు బంకులో నూనె పోయించుకోకపోతే నిలవనివ్వరు. దాబాల ముందు సర్వీసు రోడ్డు నిండిపోయి ఉంటుంది. కోతల కాలంలో అదే సర్వీసు రోడ్డు మీద రైతులు ధాన్యం ఆరబోస్తారు, వారినీ అనలేము. నిద్రలో నడిపి మనుషుల మీదకు ఎక్కించడం కన్నా అంచున ఆపుకోవడమే మేలని డ్రైవరు అనుకుంటాడు. ఆపిన తరువాత చేయవలసింది చేయకపోవడం తప్పు. ఎర్ర త్రికోణం బోర్డు బండిలో ఉంటుంది, సీటు కింద కవరు విప్పకుండా ఉంటుంది. రాళ్లు, కొమ్మ పెట్టడం మా పెద్ద డ్రైవర్ల నుంచి వచ్చిన అలవాటు. బండ్లు ముప్పై, నలభై మీద నడిచిన రోజుల్లో అది సరిపోయిందేమో.

నంబూరు విద్యార్థి | ఉదయం 9:15

మేము రోజూ ఈ రోడ్డు మీదే కాలేజీకి వెళతాము. ఆగిన లారీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. రాంగ్ రూటులో వచ్చే బైకులు మాకు ఎడమ వైపున్న అంచునే పట్టుకుని ఎదురు వస్తాయి. లారీ అడ్డం రాగానే వారు రోడ్డు మధ్యకు వస్తారు, మేము కూడా లారీని తప్పించడానికి మధ్యకే వస్తాము. యూటర్న్ దూరంగా ఉండటమే వారు రాంగ్ రూటులో రావడానికి కారణం. సంక్రాంతి ముందు నెలలో తెల్లవారి పొగమంచు పట్టినప్పుడు పది గజాల అవతల ఏముందో తెలియదు.

గుంటూరు న్యాయవాది | మధ్యాహ్నం 1:40

చట్టం వైపు నుంచి ఈ కుటుంబానికి వెంటనే అవసరమైన మాటలు ముందు చెబుతాను.

ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగం" అని ఉన్నంత మాత్రాన నష్టపరిహారం దారి మూసుకుపోలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షను, ఇతరులకు ప్రమాదం కలిగేలా వాహనాన్ని బహిరంగ స్థలంలో వదిలివేయడాన్ని నిషేధిస్తుంది. దీపాలు, హెచ్చరిక లేకుండా ఆగిన లారీ కేసుల్లో పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లు తప్పును రెండు పక్షాల మధ్య పంచి, బైకు నడిపినవారి వంతు మేరకు తగ్గించి, మిగిలిన పరిహారం ఇప్పిస్తున్నాయి. మరునాడు ఉదయం మీరు చూసిన దీపం, పట్టా, కొమ్మ, వీటికి తేదీ, సమయం ఉన్న ఫొటోలు ఉంటే భద్రపరచండి. 2019 సవరణ తరువాత 166వ సెక్షను కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం దరఖాస్తు వేయాలని నిబంధన వచ్చింది. బిడ్డ కోలుకున్నాక చూద్దామని ఆగవద్దు.

హెల్మెట్ పట్టీ విషయంలో నర్సమ్మగారు చెప్పినది చట్టంలో కూడా ఉంది. 129వ సెక్షను తల మీద హెల్మెట్ ఉండాలని మాత్రమే చెప్పలేదు, పట్టీతో గట్టిగా బిగించి ఉండాలని చెప్పింది.

ఆటోవాళ్ల గురించి కూడా ఒక మాట. "పోలీసు కేసు అవుతుంది, స్టేషను చుట్టూ తిరగాలి" అనే భయంతోనే మన దగ్గర చాలామంది ఆగరు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు గాయపడినవారిని ఆదుకునే ప్రాణదాతల రక్షణకు మార్గదర్శకాలను ఖాయం చేసింది. ఆ రక్షణ తరువాత 134ఏ సెక్షనుగా చట్టంలోకే వచ్చింది. గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినవారు తమ పేరు చెప్పనవసరం లేదు, వారిని నిలబెట్టి డబ్బు కట్టమనే అధికారం ఎవరికీ లేదు. 2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం అమలులోకి వచ్చింది. దాని కింద నమోదైన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందాలి.

రోడ్డు విషయానికొస్తే, రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించని గుత్తేదారుకు, సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 198ఏ సెక్షను చెబుతోంది. సామాన్యులు దీనిని ఉపయోగించుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.

గొల్లపూడి గృహిణి | మధ్యాహ్నం 3:05

మా వారు రాత్రి పూట హైదరాబాదు రోడ్డు మీద వస్తుంటారు. నిన్నటి లెక్క చదివి వినిపించాను. డిమ్ లైటులో యాభై దాటనని మాట ఇచ్చారు. పిల్లాడి హెల్మెట్ పట్టీ బకెలు విరిగి ఆరు నెలలైంది, ఇవాళే కొత్తది తెస్తున్నాము.

బ్రాడీపేట మాస్టారు | సాయంత్రం 5:30

ఇంజినీరుగారి యాభై, అరవై లెక్కను ఈ రోజు పదో తరగతి పిల్లలకు బోర్డు మీద వేయించాను. 45, 17 అనే అంకెలు రాగానే తరగతి నిశ్శబ్దమైపోయింది. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, వానలో అయితే ఎంత?" అని అడిగింది. తడి రోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది కాబట్టి రేపు ఆ లెక్కా చేయిస్తాను. లారీ దీపం, పట్టా అంచు గురించి మాట్లాడవద్దన్నట్టు నిన్న నేను రాసిన మాటను సవరించుకుంటున్నాను. వేగం మొదటి కారణం అన్న మాట మీద మాత్రం నిలబడతాను.

పటమట విశ్రాంత ఇంజినీరు | సాయంత్రం 6:10

తప్పకుండా నిలబడండి మాస్టారూ, నేనూ మీతోనే ఉన్నాను.

రోడ్డు గురించి ఒక విషయం చేర్చాలి. 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం గానీ తీవ్రగాయం గానీ జరిగిన ప్రమాదాలు అయిదు ఉన్నా, పది మంది చనిపోయినా, జాతీయ రహదారుల మీద ఆ చోటును బ్లాక్‌స్పాట్‌గా, అంటే ప్రమాదాలు తరచూ జరిగే చోటుగా గుర్తించాలి. ఆగిన లారీల ప్రమాదాలతో చిక్కేమిటంటే, అవి ఒక్కచోట గుమిగూడవు. నేడు కాజ దగ్గర, రేపు ఏటుకూరు దగ్గర జరుగుతాయి. అందువల్ల బ్లాక్‌స్పాట్ల జాబితాలోకి ఎక్కవు. వీటికి చోటు పట్టుకుని చేసే మరమ్మతు పనికిరాదు. దారి పొడవునా నిర్ణీత దూరానికి ఒక లారీ నిలుపుదల స్థలం, రాత్రి గస్తీ వాహనం, ఆగిన లారీ వెనుక అరగంటలోపు హెచ్చరిక శంకువులు (కోన్లు) పెట్టే ఏర్పాటు ఉండాలి. జాతీయ రహదారి మీద ఆగిపోయిన వాహనం కనిపిస్తే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఎవరైనా ఫోను చేయవచ్చు. నేను దారిలో కనిపించిన ప్రతిసారీ చేస్తున్నాను.

మంగళగిరి వాసి | మరునాడు రాత్రి 10:40

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నేను, మా బావ కలిసి కాజ నుంచి గుంటూరు వరకు కారులో నెమ్మదిగా వెళ్లి లెక్కపెట్టాము. అంచున ఆగిన భారీ వాహనాలు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో వెనుక దీపం వెలుగుతున్నవి అయిదు, టేపు దూరం నుంచి మెరిసినవి మూడు, త్రికోణం పెట్టినది ఒక్కటీ లేదు. నాలుగింటి గురించి 1033కు చెప్పాము. ఒక డ్రైవరును లేపితే మొదట కోప్పడ్డాడు, తమ్ముడి సంగతి చెప్పాక దిగి వచ్చి తానే పట్టా అంచు పైకి మడిచి కట్టాడు.

ఈ లెక్కను, కిలోమీటరు రాయి అంకెలతో సహా, కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రహదారి భద్రతా కమిటీకి ఇవ్వాలని అర్జీ రాస్తున్నాను. న్యాయవాదిగారు ఒకసారి చూసి దిద్దితే మేలు. పరిహారం దరఖాస్తుకు కాగితాలు సిద్ధం చేశాము.

ఆటోనగర్ లారీ యజమాని | మరునాడు రాత్రి 11:05

అర్జీలో నా సంతకం కూడా పెట్టించండి. నా మూడు బండ్లకూ టేపు మార్చాను, పట్టా వెనుక అంచుకే ఇంకో టేపు కుట్టించాను, అది వేలాడినా మెరుస్తుంది. ఒక మీటరు రిఫ్లెక్టివ్ టేపుకు, కుట్టుకూలికి ఎంత అవుతుందో మా లైనులో పదిహేను మంది అడిగారు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి నా షెడ్డు దగ్గర అందరి బండ్లకూ అంటిస్తున్నాము. ఇంజినీరుగారు వచ్చి ఏ ఎత్తులో అంటించాలో చూపిస్తే బాగుంటుంది.

పటమట విశ్రాంత ఇంజినీరు | మరునాడు రాత్రి 11:12

ఏడున్నరకే వస్తాను. బండ్ల వెనుక భాగం ముందుగా సబ్బునీళ్లతో కడిగించి ఆరబెట్టి ఉంచండి, దుమ్ము మీద అంటిస్తే వారానికే ఊడిపోతుంది.